మా అబ్బాయి డాలస్ అన్నయ్యతో మాట్లాడటం మానేశాడు: కెనడా, అమెరికాల మధ్య ఈ పట్టింపు ఎక్కడిది?

ఒంటారియో_అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము 13 ఏళ్లుగా కెనడాలోని మిస్సిసాగాలో ఉంటున్నాము. మా అక్క కుటుంబం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్థిరపడింది. మా అబ్బాయికి ఇప్పుడు పన్నెండేళ్లు, అక్క కొడుకు వాడికంటే రెండేళ్లు పెద్దవాడు. ఊహ తెలిసినప్పటి నుండి మావాడు "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ వాడి వెంటే తిరిగేవాడు. ప్రతి వేసవిలోనూ మా ఇంట్లోనో వాళ్ల ఇంట్లోనో ఇద్దరూ నెల రోజులు కలిసి ఉండేవారు. అటువంటి పిల్లల మధ్య దాదాపు ఏడాదిగా మాటలు లేవు.

2025 ఫిబ్రవరి 20న బోస్టన్‌లో నాలుగు దేశాల ఐస్ హాకీ పోటీ ఫైనల్‌ను ఇద్దరూ వీడియో కాల్ పెట్టుకుని చూశారు. అంతకు ఐదు రోజుల ముందు మాంట్రియల్‌లో ఇవే రెండు జట్లు ఆడినప్పుడు మొదటి తొమ్మిది సెకన్లలోనే మూడు కొట్లాటలు జరిగాయి, అమెరికా జాతీయగీతం పాడుతుండగా ప్రేక్షకులు గేలి చేశారు, చివరికి అమెరికా 3-1తో గెలిచింది. ఫైనల్లో మాత్రం అదనపు సమయంలో కానర్ మెక్‌డేవిడ్ గోల్ వేసి కెనడాను 3-2తో గెలిపించాడు. మావాడు హాల్లో గంతులు వేస్తుండగా అటునుండి వాళ్ల అన్నయ్య, "గెలిస్తే ఏముందిరా, రేపో మాపో మీరు మా 51వ రాష్ట్రమే కదా" అన్నాడు. మావాడు మారు మాట్లాడకుండా కాల్ కట్ చేశాడు. నిరుడు వేసవిలో టెక్సస్ రానన్నాడు, వచ్చే వేసవికీ అదే మాట మీద ఉన్నాడు.

ఆ ఒక్క మాటతో ఊరుకుని ఉంటే నేను ఇక్కడ రాసేదాన్ని కాదు. "అమెరికా వాళ్లకు పొగరు ఎక్కువ, ప్రపంచంలో ఇంకో దేశం ఉందని కూడా వాళ్లకు తెలియదు, తుపాకి లేకుండా బయటికి రారు, మనం మాత్రం మర్యాదస్తులం" అని వాడు స్నేహితుల దగ్గర చెబుతున్నాడు. అక్క ఇంట్లోనేమో "కెనడా వాళ్లు ప్రతిదానికీ సారీ చెబుతారు, చలి తప్ప వాళ్లకంటూ ఏముంది" అన్న మాట వినిపిస్తోంది. ఇద్దరికీ అమ్మమ్మగారి ఊరు తెనాలే. ఇద్దరి తల్లులూ ఒకే మంచం మీద పడుకుని పెరిగినవారే.

నేను కూడా తటస్థురాలిని కానని చెప్పాలి. 2025 మార్చిలో అమెరికా కెనడా సరుకుల మీద సుంకాలు విధించినప్పటి నుండి కొట్లో ప్రతి డబ్బా తిప్పి ఎక్కడ తయారైందో చూసి కొంటున్నాను. ఒంటారియో ప్రభుత్వ మద్యం దుకాణాల అరల నుండి అమెరికా సీసాలు తీసివేసినప్పుడు, మాకు ఆ అలవాటు లేకపోయినా, సంతోషించాను. అందుకే పిల్లవాడికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఒకరి గురించి ఒకరు చెప్పుకునే ఈ మూస మాటల్లో నిజం ఎంత? ఈ విషయంలో ఇటువైపు ఉన్నంత వేడి అటువైపు ఎందుకు కనబడదు? చరిత్ర తెలిసినవారు, రెండు దేశాల్లోనూ ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

పాత_టొరంటోవాసి సమాధానం:

అమ్మా, నేను 1994 నుండి టొరంటోలో ఉంటున్నాను, ఇక్కడి ఉన్నత పాఠశాలలో చాలాకాలం చరిత్ర బోధించాను. ముందు మీ రెండవ ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే వేడి ఎక్కడిదో తెలిస్తే మూస మాటలు ఎందుకు పుట్టాయో చాలావరకు తేలిపోతుంది.

మీ అక్కగారి అబ్బాయి అన్న మాట అమెరికాకు చాలా పాతది. 1775లో, స్వాతంత్ర్య ప్రకటన ఇంకా వెలువడక ముందే, విప్లవ సైన్యం ఉత్తరానికి వచ్చి మాంట్రియల్‌ను పట్టుకుని, ఆ సంవత్సరం చివరి రోజున క్విబెక్ నగరం దగ్గర ఓడిపోయింది. 1781లో అమలులోకి వచ్చిన వారి తొలి సమాఖ్య ఒప్పందంలో పదకొండవ అధికరణం కెనడా కోసమే రాశారు. మరే ప్రాంతమైనా చేరాలంటే తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకోవాలి, కెనడా మాత్రం తాను సరేనంటే చాలునని దాని సారాంశం. తలుపు అంత బార్లా తెరిచి పెట్టినా ఇటువారు గడప దాటలేదు.

పైగా అటునుండే జనం ఇటు వచ్చారు. విప్లవంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలిచినవారు యుద్ధం ముగిశాక ఇళ్లూ పొలాలూ వదులుకుని పదుల వేల సంఖ్యలో నోవా స్కోషియాకూ, ఇప్పటి న్యూ బ్రన్స్‌విక్, ఒంటారియో ప్రాంతాలకూ తరలివచ్చారు. అంటే ఇంగ్లీషు మాట్లాడే కెనడాకు పునాది వేసినవారిలో చాలామంది అమెరికా వద్దనుకుని వచ్చిన అమెరికా వారే. మన పల్లెల్లో పాలివాళ్ల తగవు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మాట ఒకటే, వంట ఒకటే, ముఖాల పోలిక కూడా ఒకటే అయినప్పుడు, చిన్న వాటా దక్కినవాడు ప్రతి ఉదయం వెళ్లి గట్టు జరగలేదు కదా అని చూసుకుంటాడు. పెద్ద వాటా దక్కినవాడికి ఆ అవసరం ఉండదు.

గట్టు జరపడానికి నిజంగానే వచ్చిన సందర్భం 1812 యుద్ధం. ఆ జూన్‌లో అమెరికా యుద్ధం ప్రకటించి కెనడా మీదికి వచ్చింది. 1813 ఏప్రిల్‌లో అప్పటి యార్క్‌ను, అంటే మన టొరంటోనే, పట్టుకుని శాసనసభ భవనాలను తగలబెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో బ్రిటిష్ సైనికులు వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనాన్ని తగలబెట్టారు. ఆపై నెలలో బాల్టిమోర్ కోట మీద బ్రిటిష్ ఓడలు రాత్రంతా గుండ్లు కురిపించగా తెల్లవారి కూడా జెండా ఎగురుతూ ఉండటం చూసి రాసిన పద్యమే తరువాత అమెరికా జాతీయగీతమైంది. మాంట్రియల్‌లో ప్రేక్షకులు గేలి చేసిన గీతం ఆ యుద్ధంలో పుట్టినదేనన్న సంగతి మీ అబ్బాయికి తప్పక చెప్పండి, గేలి చేసినవారిలో ఎందరికి అది తెలుసో నాకు సందేహమే. 1814 డిసెంబరు 24న సంధి జరిగింది, సరిహద్దు మునుపు ఉన్నచోటే ఉండిపోయింది. నిజంగా నష్టపోయినవారు టెకుమ్సే వంటి ఆదివాసీ నాయకులూ వారి జాతులూ. 1813 అక్టోబరులో ఆయన యుద్ధభూమిలో మరణించడంతో, తమకంటూ ఒక దేశం నిలుపుకోవాలన్న వారి ఆశ కూడా కూలిపోయింది. ఒంటారియోలో ఏడవ తరగతి పిల్లలు ఈ యుద్ధం గురించి చదువుతారు. టెక్సస్‌లో పెరుగుతున్న పిల్లవాడికి ఇది ఆ గీతం పుట్టిన కథగా తప్ప, కెనడాను ఆక్రమించబోయిన కథగా తెలిసే అవకాశం తక్కువ.

ఆ తరువాత కూడా ఈ దేశంలో రెండు పెద్ద ఎన్నికలు అమెరికా ప్రశ్న చుట్టూనే తిరిగాయి. 1911లో విల్‌ఫ్రిడ్ లోరియే ప్రభుత్వం అమెరికాతో సుంకాలు తగ్గించుకునే ఒప్పందం చేసుకుంటే, అమెరికా ప్రతినిధుల సభలో డెమొక్రాట్ల నాయకుడు చాంప్ క్లార్క్ తమ జెండా ఉత్తర ధ్రువం దాకా ఎగిరే రోజు రావాలని సభలోనే ఆకాంక్షించాడు. ఆ మాట ఇక్కడ ఎంత అలజడి రేపిందంటే ఒప్పందాన్ని వ్యతిరేకించినవారు దాన్నే చేతిలో పట్టుకుని ఊరూరా తిరిగారు, లోరియే ఆ ఎన్నికలో ఓడిపోయారు. 1988లో స్వేచ్ఛా వాణిజ్యం మీద జరిగిన ఎన్నికలో లిబరల్ పార్టీ టీవీ ప్రకటనలో ఒక అమెరికా ప్రతినిధి పటం మీది సరిహద్దు గీతను రబ్బరుతో చెరిపేస్తాడు. ఆ ఎన్నికలో ఒప్పందం చేసుకున్న బ్రయన్ మల్‌రోనీ గెలిచారు కానీ, ఆ రబ్బరు ముక్కను చూసినవారెవరూ మరచిపోలేదు.

1969లో అప్పటి మన ప్రధాని పియర్ ట్రూడో వాషింగ్టన్‌లో పత్రికలవారి ముందు, మీ పక్కన బతకడం ఏనుగు పక్కన పడుకోవడం వంటిది, అది ఎంత సాధువైనా కదిలినప్పుడల్లా మాకు తెలుస్తుందని అన్న అర్థంలో మాట్లాడారు. కెనడాలో మూడింట రెండు వంతుల మంది సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపలే ఉంటారు. 2024లో మన ఎగుమతుల్లో సుమారు ముప్పాతిక వంతు అక్కడికే పోయింది. 4 కోట్ల మంది 34 కోట్ల మందిని చూస్తూ బతుకుతుంటే, ఆ 34 కోట్ల మందికి ఇటు చూడవలసిన పని పడదు. మీరు అడిగిన వేడి తేడా అంతా ఇక్కడే ఉంది.

చివరగా పిల్లలకు నచ్చే సంగతి ఒకటి. ఈ రెండు దేశాలు తొలిసారి తలపడిన ఆట హాకీ కాదు, క్రికెట్. 1844 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఈ రెండు జట్లు ఆడిన మ్యాచే ప్రపంచంలో తొలి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలు తొలి టెస్టు ఆడింది దానికి 33 ఏళ్ల తరువాత. కెనడా 82, 63 పరుగులు చేసింది, అమెరికా 64, 58 చేసింది, కెనడా 23 పరుగులతో గెలిచింది. 180 ఏళ్ల తరువాత, 2024 జూన్ 1న, టీ20 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో అవే జట్లు డాలస్ పక్కనే ఉన్న గ్రాండ్ ప్రెయిరీలో ఆడాయి. కెనడా చేసిన 194 పరుగులను, ఆరన్ జోన్స్ 40 బంతుల్లో 94 కొట్టి నాటౌట్‌గా నిలవడంతో, అమెరికా ఏడు వికెట్లు ఉండగానే దాటేసింది. ఆ రెండు జట్లలోనూ మన ఉపఖండం పేర్లు ఎన్ని ఉన్నాయో పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి లెక్కించమనండి.

చార్లెస్_తీరం సమాధానం:

నేను 22 ఏళ్లుగా బోస్టన్ దగ్గర ఉంటున్నాను, అమెరికా పౌరురాలిని. పైన మాస్టారు చెప్పిన చరిత్రలో నాకు అభ్యంతరం ఏమీ లేదు. కానీ "పొగరు" అన్న మాట దగ్గర ఆగి కొంత చెప్పాలనిపించింది.

ఇక్కడివారికి కెనడా గురించి తెలిసింది తక్కువన్న మాట నిజమే. కెనడాకు ప్రధానమంత్రి ఉంటారా, అధ్యక్షుడు ఉంటారా అని చదువుకున్న సహోద్యోగులే నన్ను అడిగారు. తెలియకపోవడం వేరు, చిన్నచూపు వేరు. ఇక్కడివారు కొత్తవారితో గట్టిగా మాట్లాడతారు, మొదటి పరిచయంలోనే తమ గొప్ప చెప్పుకుంటారు. అదే నోటితో, ఏమన్నా కావాలా అని కూడా అడుగుతారు. 2015 చలికాలంలో బోస్టన్‌లో రికార్డు స్థాయిలో మంచు పడింది. అప్పుడు మా వారు ఆసుపత్రిలో ఉన్నారు. రాజకీయాల్లో నాకు ఏమాత్రం సరిపడని జెండా ఇంటి ముందు కట్టుకున్న పొరుగాయన, నేను అడగకుండానే, మూడు వారాల పాటు రోజూ తెల్లవారుజామున మా వాకిట్లో మంచు తవ్వి దారి తీశారు. పొగరు అన్న ఒక్క మాటలో ఆయనను ఎలా ఇరికించగలను?

తుపాకుల గురించి మీ అబ్బాయి అన్నదానిలో నిజం ఉంది, అది కాదనడం లేదు. జనాభాతో పోల్చి చూస్తే ఇక్కడ హత్యలు కెనడాలో కంటే సుమారు మూడు రెట్లు. అయితే అమెరికా అంతా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే, మేముండే మాసచూసెట్స్‌లో తుపాకుల వల్ల చనిపోయేవారి నిష్పత్తి దేశంలోనే అతి తక్కువ ఉన్న రాష్ట్రాల్లో ఒకటి.

మీరు పిల్లలకు ఒక చెట్టు కథ చెప్పండి. 1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు ఢీకొని, వాటిలో పేలుడు పదార్థాలతో నిండిన ఓడ పేలిపోయి, ఊరిలో పెద్ద భాగం నేలమట్టమైంది. సుమారు 2,000 మంది చనిపోయారు, వేల మంది గాజుపెంకులు గుచ్చుకుని కళ్లు పోగొట్టుకున్నారు లేదా గాయపడ్డారు. వార్త అందిన ఆ రాత్రే బోస్టన్ నుండి డాక్టర్లు, నర్సులు, మందులతో రైలు బయలుదేరి మంచుతుఫానులో చిక్కుకుంటూనే హాలిఫాక్స్ చేరింది. కృతజ్ఞతగా నోవా స్కోషియా ప్రజలు మరుసటి ఏడాది బోస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టు పంపారు. 1971 నుండి ప్రతి ఏడాదీ పంపుతూనే ఉన్నారు. సుంకాల గొడవ జరిగిన 2025లో కూడా అది బోస్టన్ కామన్ మైదానానికి వచ్చింది. ప్రతి డిసెంబరులోనూ మా పిల్లలను తీసుకువెళ్లి దాని కింద నిలబెడతాను.

అలాగే 1980 జనవరిలో టెహరాన్‌లో చిక్కుకున్న ఆరుగురు అమెరికా దౌత్యవేత్తలను కెనడా రాయబారి కెన్ టేలర్, ఆయన సహచరులు వారాల తరబడి తమ ఇళ్లలో దాచి, కెనడా పాస్‌పోర్టులతో బయటికి పంపించారు. 2001 సెప్టెంబరు 11న అమెరికా ఆకాశం మూసివేసినప్పుడు, సుమారు 10,000 మంది ఉండే న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్ ఊరిలో 38 విమానాలు దిగాయి, ఆరున్నర వేలకు పైగా ప్రయాణికులకు ఆ ఊరివారూ చుట్టుపక్కల పల్లెలవారూ రోజుల తరబడి అన్నం పెట్టి పడక చూపించారు. ఇక్కడ ఆ సంగతి తెలిసినవారు ఇప్పటికీ తలచుకుంటారు.

ఇక మీ అక్కగారి అబ్బాయి మాట. పరాచికం ఎవరు ఎవరితో ఆడుతున్నారన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. ఒక దేశాధ్యక్షుడు అదే మాట పదేపదే అంటూ, పొరుగు దేశం సరుకుల మీద 25 శాతం సుంకం వేసినప్పుడు, కెనడాలోని విండ్సర్‌లో కారు భాగాలు చేసే కార్మికుడి ఇంట్లో అది పరాచికంగా వినబడదు. ఫ్రిస్కోలోని పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ బరువు తెలియదు, ఎందుకంటే ఆ సుంకం వాళ్ల ఇంటి భోజనం బల్ల మీదికి రాలేదు. వాడు క్షమాపణ చెప్పాలి. దానికి ముందు అదెందుకు నొప్పించిందో పెద్దలు వాడికి విడమరచి చెప్పాలి, మీ అక్కగారితో మీరే మాట్లాడటం మంచిది.

పసిఫిక్_వాన సమాధానం:

వాంకూవర్ నుండి రాస్తున్నాను. పై ఇద్దరూ చెప్పినవి చదివి సంతోషించాను, కానీ "మనం మర్యాదస్తులం" అన్న మాటను ఎవరూ ముట్టుకోలేదు. మీ అబ్బాయి అన్న మాటలన్నిటిలో నాకు ఎక్కువ కలవరం కలిగించింది అదే.

మర్యాద ఇక్కడ ఉందన్నది నిజమే. క్షమాపణ అడిగితే తప్పు ఒప్పుకున్నట్టుగా కోర్టులో వాడుకోకూడదని బ్రిటిష్ కొలంబియా 2006లో, ఒంటారియో 2009లో చట్టాలు చేశాయి. తప్పు ఎవరిదైనా "సారీ" అనగలగడం మంచి అలవాటే, నేను దాన్ని ఇష్టపడతాను. అయితే మర్యాదగా మాట్లాడటం, న్యాయంగా నడుచుకోవడం రెండూ ఒకటి కావు. నేను వచ్చిన కొత్తలో ఒక్కరు కూడా నన్ను పరుషంగా పలకరించలేదు, పదకొండు నెలల పాటు ఒక్కరు కూడా ఉద్యోగం ఇవ్వలేదు. "మీకు కెనడా అనుభవం లేదు కదా" అని ఎంతో మృదువుగా చెప్పి పంపేవారు. ఆ మాట ఎంతమంది వలసదారుల జీవితాలను ఆపివేసిందో, 2026 జనవరి నుండి ఒంటారియోలో ఉద్యోగ ప్రకటనల్లో దాన్ని అడగకూడదని చట్టమే చేయవలసి వచ్చింది.

చరిత్రలోకి వెళితే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1907 సెప్టెంబరు 4న సరిహద్దుకు కొంచెం దక్షిణాన ఉన్న అమెరికా పట్టణం బెల్లింగ్‌హామ్‌లో వందల మంది గుంపు కట్టి, కలప మిల్లుల్లో పనిచేసే భారతీయుల మీద, ఎక్కువగా పంజాబీ సిక్కుల మీద, పడి కొట్టి ఊరినుండి తరిమేసింది. వారిలో కొందరు ఇది బ్రిటిష్ రాజ్యం, మనమూ ఆ రాజు ప్రజలమే అన్న నమ్మకంతో ఉత్తరానికి వచ్చారు. మూడు రోజులకే, సెప్టెంబరు 7న, వాంకూవర్‌లో ఆసియా వారిని రానివ్వకూడదనే సంఘం ఒకటి సభ పెట్టింది, సభ ముగిశాక గుంపు చైనీయుల, జపనీయుల వీధుల మీద పడి దుకాణాల అద్దాలన్నీ పగలగొట్టింది. ఆ సంవత్సరమే బ్రిటిష్ కొలంబియా భారతీయుల ఓటు హక్కు తీసివేసింది. మరుసటి ఏడాది కెనడా ప్రభుత్వం, పుట్టిన దేశం నుండి ఎక్కడా ఆగకుండా వచ్చిన ఓడలోనే రావాలని నిబంధన పెట్టింది. 1914లో కొమగాట మారు ఓడలో వచ్చిన 376 మందిని రెండు నెలల పాటు మా రేవులోనే నిలిపి, కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపేశారు. అప్పటి అధికారులు కూడా ఉత్తరాల్లో ఎంతో మర్యాదగానే రాసుకున్నారు.

అటువైపు 1923లో అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరులు కాలేరని తీర్పు ఇచ్చింది. అది చట్టంతో మారింది 1946లో. మాకు ఇక్కడ ఓటు తిరిగి వచ్చింది 1947లో. ఒక్క ఏడాది తేడా. ఒక దేశం ఉదారమైనదనీ, ఇంకొకటి క్రూరమైనదనీ చెప్పడానికి ఆ ఒక్క ఏడాది సరిపోదు. నల్లజాతి వారి విషయంలోనూ అంతే. అమెరికా నుండి బానిసలు పారిపోయి ఇటు వచ్చారన్నది గర్వించదగిన నిజం. 1834 దాకా ఇక్కడ కూడా బానిసత్వం ఉన్నదీ, 1946లో నోవా స్కోషియాలో వయోలా డెస్మండ్ అనే నల్లజాతి మహిళ సినిమా హాల్లో తెల్లవారి వరుసలో కూర్చున్నందుకు జైల్లో రాత్రి గడిపినదీ కూడా నిజమే. ఇప్పుడు ఆమె బొమ్మ మన 10 డాలర్ల నోటు మీద ఉంది.

కెనడాలో ఒక అలవాటు ఉంది. ఏ లోపం ఎత్తి చూపినా "అమెరికాలో ఇంకా ఘోరం కదా" అని తప్పుకుంటారు. పొరుగింటి మురికి చూపించి మన వాకిలి ఊడ్చుకోకుండా ఉండటానికి అది బాగా పనికివస్తుంది. మీ అబ్బాయికి ఆ అలవాటు పన్నెండేళ్లకే పట్టకూడదని నా కోరిక.

ఒంటారియో_అమ్మ:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. పసిఫిక్ గారూ, మీరు రాసింది చదివి కొంతసేపు ఏమీ తోచలేదు. ఈ దేశం మాకు ఇల్లు ఇచ్చింది, మా అబ్బాయి నెలలు నిండకుండా పుట్టినప్పుడు 40 రోజులు ఆసుపత్రిలో పెట్టుకుని మా దగ్గర బిల్లు అన్నదే అడగలేదు. అటువంటి దేశం మీద పిల్లవాడికి ఉన్న అభిమానాన్ని 1907 కథ చెప్పి తగ్గించాలా? వాడి వయసుకు అది భారం కాదా?

పసిఫిక్_వాన:

అమ్మా, తగ్గించమని నేను అనను. ఆ ఆసుపత్రి కథ కూడా పూర్తిగా చెప్పండి. 1962లో సస్కాచెవాన్‌లో టామీ డగ్లస్ పార్టీ ప్రభుత్వం ప్రజలందరికీ వైద్య బీమా తెచ్చినప్పుడు డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. అంటే ఆ మంచితనం ఈ నేలలో దానంతట అది మొలవలేదు, కొందరు పట్టుబట్టి, తిట్లు తిని సాధించారు. మన వాళ్లకు ఓటు తిరిగి వచ్చినదీ అలాగే. ఈ కథలు విన్న పిల్లవాడు దేశాన్ని ఇంకా ఎక్కువ ప్రేమిస్తాడనే నా అనుభవం. మా అమ్మాయికి పదేళ్లప్పుడే రేవు దగ్గర ఉన్న కొమగాట మారు స్మారకం చూపించాను. ఆ రాత్రి చాలా ప్రశ్నలు అడిగింది, భయపడలేదు.

చినూక్_గాలి సమాధానం:

నేను రెండు చోట్లా బతికినవాణ్ణి కాబట్టి కొద్దిగా చెబుతాను. తొమ్మిదేళ్లు ఆస్టిన్‌లో హెచ్-1బి మీద పనిచేశాను. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మన వారి వరుస ఎంత పొడవో ఇక్కడ అందరికీ తెలుసు. 2023 జూలైలో కెనడా ప్రభుత్వం హెచ్-1బి ఉన్న 10,000 మందికి పని అనుమతి ఇస్తామని దరఖాస్తులు తెరిస్తే రెండు రోజులు తిరగకుండానే నిండిపోయాయి. ఆ 10,000 మందిలో నేనొకణ్ణి, ఇప్పుడు కాల్గరీలో ఉంటున్నాను.

కెనడా వాళ్లు, అమెరికా వాళ్లు అంటూ రెండు ముద్దలుగా మాట్లాడటమే ఈ చర్చలో పెద్ద చిక్కు అని నాకు తోస్తుంది. నేను వదిలివచ్చిన టెక్సస్‌కు కాల్గరీ ఎంత దగ్గరగా ఉందో చెప్పలేను. చమురు, పశువులు, పికప్ బండ్లు, రాజధాని మీద అలక, అన్నీ ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఆల్బర్టా మైదానాలకు వచ్చిన రైతుల్లో చాలామంది అమెరికా నుండి వచ్చినవారే, మా ఊరికి పేరు తెచ్చిన స్టాంపీడ్ ఉత్సవాన్ని 1912లో మొదలుపెట్టిన గై వీడిక్ కూడా అమెరికా మనిషే. ఇక్కడి పశువుల కాపరి ఇంట్లో, మాంట్రియల్ ఉపాధ్యాయుడి ఇంట్లో, హాలిఫాక్స్ జాలరి ఇంట్లో కెనడా అంటే ఒకటే అర్థం ఉండదు. అయినా 2025 వసంతంలో, అమెరికాను అంత మెచ్చుకునే మా వీధిలో కూడా, గోర్డీ హౌ అనే పాత హాకీ ఆటగాణ్ణి తలపిస్తూ "మోచేతులు పైకి", అంటే ఎదిరించి నిలబడదాం, అన్న నినాదం ఇళ్ల ముందు కనబడింది. కాబట్టి మీవాడి కోపం ఒక్కడిది కాదు, దాన్ని తేలిగ్గా తీసిపారేయవద్దు.

తేడాలు లేవని కూడా నేను అనను. ఆస్టిన్‌లో మా బాస్ నా పని బాగా లేకపోతే ముఖం మీదే చెప్పేవాడు, మరుసటి రోజు భోజనానికి పిలిచేవాడు. ఇక్కడ నా పని బాగాలేదని నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఏది మేలో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఒంటారియో_అమ్మ:

అందరికీ మళ్లీ నమస్కారం. వారం తరువాత రాస్తున్నాను. ముందు అక్కతో గంటన్నర మాట్లాడాను. మేమిద్దరం ఈ ఏడాది పొడుగునా పిల్లల తగవు అని నెట్టేస్తూ, మా మధ్య కూడా ఆ మాట ఎత్తకుండా గడిపామని అప్పుడు తెలిసింది. తనకు అది అంత నొప్పించిందని తెలియదనీ, తమ ఇంట్లో టీవీలో వచ్చినప్పుడల్లా నవ్వుకునేవారమనీ అక్క దాచకుండా చెప్పింది. బోస్టన్ నుండి రాసిన అమ్మ చెప్పిన విండ్సర్ కార్మికుడి మాట నేను అక్కకు చదివి వినిపించాను.

మావాడికి ముందు 1844 మ్యాచ్ స్కోరు చూపించాను. సంతోషించాడు. తరువాత యార్క్ తగలబడిన సంగతి చెప్పాను, ముఖం ఎర్రబడింది. మూడవ రోజు బెల్లింగ్‌హామ్, వాంకూవర్ల కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆ తరిమేసినవాళ్లు రెండు వైపులా ఉన్నారు, మనలాంటివాళ్లు మధ్యలో ఉన్నారు కదా అమ్మా" అన్నాడు. అవునన్నాను.

నిన్న అన్నయ్య ఫోను చేశాడు. సారీ చెప్పాడు, మావాడు వెంటనే కరగలేదు, "నీకు 1813లో ఏమైందో తెలుసా" అని అడిగాడు. వాడికి తెలియదు. ఇద్దరూ నలభై నిమిషాలు ఆ యుద్ధం గురించే వాదించుకున్నారు, మధ్యలో వాషింగ్టన్ తగలబడిందని విన్నప్పుడు అన్నయ్యే ముందు కేక వేశాడు. మావాడు టెక్సస్ వెళ్లడానికి ఇంకా ఒప్పుకోలేదు. అందుకని జూలైలో అక్కావాళ్లే ఇక్కడికి వస్తున్నారు. మాస్టారూ, ఆ యుద్ధం జరిగిన ఫోర్ట్ యార్క్‌కు ఇద్దరినీ తీసుకువెళ్లాలనుకుంటున్నాను, మీకు వీలైన రోజు చెబితే మీతో కలిసి వెళతాము.